జనుపచేని రంగుల పురుగు

పూతకు వచ్చిన జనుపచేనిలో ఉదయవేళ నడచినచో, అడుగు పడిన కొలదియు మొక్కలనడుమనుండి చిన్న తెల్లని రెక్కల పురుగులు లేచి, నాలుగు బారల దూరము ఎగిరి, మరల ఆకుల చాటుననో గడ్డిలోనో వ్రాలుట మన సభ్యులందఱును చూచియే యుందురు. చేరి చూచినచో వాని రెక్కలపై ఎఱ్ఱని చుక్కలును నల్లని చుక్కలును వరుసలు తీరి యుండును. పిల్లలు వీనిని పట్టి ఆడుకొందురు. పెద్దలు ముచ్చటపడి విడిచిపెట్టుదురు. అదే చేనిలో, కాయ పట్టిన పిదప, కాయకు బొక్క చేసి గింజ తినుచున్న గొంగళిపురుగును చూచి మాత్రము అందఱును విచారింతురు. చుక్కల పురుగు తల్లి యనియు, గొంగళి దాని బిడ్డ యనియు తెలిసికొన్నవారు కొలదిమంది మాత్రమే.

ఈ నెల పాఠమునకు ఈ పురుగునే యెన్నుకొనుటకు కారణము కలదు. జనుము మనకు పచ్చిరొట్ట ఎఱువు. డెల్టా మాగాణులలో వరి వెనుక వచ్చు పశుగ్రాసము. కొన్ని తావుల నారపంట. ఈ మూడింటికిని మూలము విత్తనము. తొలకరి పదను దొరకిన దినములలో విత్తనము చేతిలో లేనిచో, ఆ యేటి పచ్చిరొట్ట తప్పిపోయినట్లే. తరువాత ఎంత ధర పెట్టి కొన్నను కాలము తిరిగి రాదు. ఆ విత్తనము చేనియందే, కాయలోపలనే, మనకు తెలియకుండ తఱిగిపోవుటకు ఈ పురుగు ఒక ముఖ్య కారణము. కావున దీని రూపము, నివాసము, నడవడి తెలిసికొని, ఎప్పుడు దీనిని ఉపేక్షింపవచ్చునో, ఎప్పుడు ఉపేక్షింపరాదో నిర్ణయించుకొనుట మనకు లాభకరము.

రూపము

రెక్కలు చాచినప్పుడు ఈ పురుగు ఒక కొననుండి మఱియొక కొనకు సుమారు 30 మొదలు 40 మిల్లీమీటర్లుండును. అనగా అంగుళము పావు మొదలు అంగుళమున్నర వఱకు. ముందు రెక్కలు పాలమీగడవంటి తెలుపు. వానిమీద నల్లని చిన్న చుక్కలును, వాటికన్న కొంచెము పెద్దవియగు ఎఱ్ఱని చుక్కలును ఒకదాని వెంట నొకటిగ అడ్డు వరుసలుగా నుండును. తెల్లని గుడ్డమీద కుంకుమయు కాటుకయు వేలికొనతో అద్దినట్లుండునని చెప్పిన సరిపోవును. వెనుక రెక్కలు తెల్లనివి. వాని యంచున నల్లని పట్టీ వంకరటింకరగా నుండును. మెడమీదను వెన్నుమీదను కూడ నల్ల చుక్కలు కలవు. కడుపు తెలుపు.

వ్రాలినప్పుడు ఇది సీతాకోకచిలుకవలె రెక్కలు నిలువుగా మూయదు. వెన్నుమీదుగా మడచి, దేహమునకు చుట్టుకొన్నట్లు పెట్టుకొని, సన్నగా కనబడును. దీనిని గుర్తించుటకిది మంచి ఆనవాలు. రెక్కల పురుగులలో పెక్కులు చీకటిపడిన పిదపనే తిరుగును. ఇది రాత్రి దీపమునకును వచ్చును గాని, పగలు కదలించినను వెంటనే ఎగురును. అందువలననే ఇది మన కంటబడుట ఎక్కువ.

దీని గొంగళి నలుపు చాయ కలది. వెన్ను పొడవునను ప్రక్కలను తెల్లని చారలును, కణుపు కణుపునకు నారింజ లేక ఎఱుపు రంగు మచ్చలును, వెండ్రుకల గుత్తులును కలిగి యుండును. వేరుసెనగ చేలను పాడుచేయు ఎఱ్ఱగొంగళి కూడ ఈ కుటుంబమునకే చెందినదైనను, రెంటిని ఒకటిగా తలపరాదు. ఎఱ్ఱగొంగళి ఆకు తినుచు గుంపులుగా చేనినుండి చేనికి నడచును. జనుపగొంగళికి జనుమును, దాని బంధువులగు మొక్కలునే ప్రధానాహారము. తన మొక్కను విడిచి వేరుసెనగను గాని ప్రత్తిని గాని వెదకుకొని పోదు.

పేరును వ్యాప్తియు

స్వీడను దేశపు ప్రకృతిశాస్త్రజ్ఞుడగు లిన్నేయసు 1758 సంవత్సరమున జంతువులకు పేర్లు పెట్టిన తన గ్రంథములో ఈ పురుగును చేర్చెను. నేడు శాస్త్రజ్ఞులు దీనిని యుటెథైసా పుల్కెల్లా అందురు. పుల్కెల్లా యను లాటిను మాటకు 'ముద్దులొలుకు చిన్నది' అని యర్థము. మన జనుము జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు క్రొటలేరియా. ఇది గిలక యను అర్థము గల గ్రీకు మాటనుండి వచ్చినది. ఎండిన జనుపకాయను చెవియొద్ద నూపినచో గింజలు గలగల లాడుట మనమెఱిగినదే. మన పొలములగట్లపై పెరుగు గిలకచెట్లు కూడ ఈ జాతివే.

ఈ పురుగు మన దేశమునకు మాత్రమే పరిమితమైనది కాదు. ఆఫ్రికా ఖండమునందు, మధ్యధరా సముద్రపు తీరదేశములందు, పశ్చిమాసియా యందు, భారతదేశమంతటను, తూర్పున బర్మా వఱకును ఇది కలదు. చిన్న పురుగైనను దూరప్రయాణము చేయగలదు. వేడి యెక్కువగా నుండి గాలి యనుకూలించిన సంవత్సరములలో దక్షిణ ఐరోపానుండి ఉత్తరముగా బయలుదేరి ఇంగ్లాండు వఱకును పోవును. అచ్చటి చలికాలమునకు తాళలేదు గనుక స్థిరపడదు. పురుగులను సేకరించు అభిరుచి కలవారికి అది అక్కడ అపురూపమైన అతిథి. ఒకటి కనబడినచో తేదీయు స్థలమును వ్రాసి పెట్టుకొందురు. మనకు మాత్రము అది వందలకొలది కనబడు చేనిపురుగు.

దీని దగ్గఱి చుట్టములు కొన్ని కలవు. తూర్పు ద్వీపములనుండి ఆస్ట్రేలియా వఱకు దీనిని పోలిన వేఱొక జాతి నివసించును. అమెరికా ఖండములలో ఎఱుపు, పసుపు రంగులు హెచ్చుగాగల మఱియొక జాతి కలదు. మన దేశమునందే దీనికి తోడుగా అదే పోలికగల ఇంకొక జాతియు జనుముపై బ్రతుకును. అదికాక, నారింజ పసుపు రెక్కలపై తెల్లని వలయములలో నల్లచుక్కలు గల పురుగు నొకదానిని సభ్యులు చూచియుండవచ్చును. దాని గొంగళియు జనుపకాయలను తినును. రైతునకు ఈ భేదములతో పనిలేదు. అన్నిటికిని ఒకటే ఉపాయము.

జీవితక్రమము

తల్లిపురుగు జనుపాకులమీద చిన్న గుండ్రని గ్రుడ్లను పెట్టును. కొలది దినములలో గ్రుడ్లు పగిలి పిల్లలు వెలువడి, మొదట లేత ఆకుల పచ్చదనమును గీకి తినును. అట్టి ఆకు పలుచనై జల్లెడవలె కనబడును. పెరిగిన కొలది ఆకునంతయు కొఱుకును. కాయలు పట్టినప్పుడు ఆకును విడిచి కాయవైపు పోవును. కాయకు రంధ్రము చేసి, తలయు దేహములో కొంతభాగమును లోపలికి చొప్పించి, గింజలను తినును. వాతావరణమునుబట్టి రెండు మొదలు నాలుగు వారములు గొంగళిగా నుండి, మొక్క మొదట రాలిన ఆకులలోనో పైమట్టిలోనో పలుచని గూడల్లుకొని కోశములోనికి ప్రవేశించును. అందుండి మరల రెక్కల పురుగు వెలువడును. ఆహారము దొరకినంతకాలము ఒక తరము వెంట నొక తరము సాగుచునే యుండును.

జనుము లేని నెలలలో ఇది ఎచ్చట నుండును అని సభ్యులు ప్రశ్నింపవచ్చును. గట్లమీది గిలకచెట్లును, తేలుతోకవలె పూగుత్తి వంగియుండు నాగదంతి వంటి మొక్కలును దానికి ఆశ్రయములు. చేను లేనప్పుడు గట్టును చూచుకొన్నవానికి చేను ఉన్నప్పుడు శ్రమ తగ్గును.

ఇన్ని రంగులెందుకు?

పక్షులకును, తొండలకును, సాలీళ్లకును ఆహారమగు చిన్నపురుగులు సాధారణముగా ఆకురంగుననో మట్టిరంగుననో యుండి దాగికొనును. ఈ పురుగు అట్లు దాగదు. పట్టపగలు తెలుపు, ఎఱుపు, నలుపు రంగులతో అందఱి యెదుటను తిరుగును. దీనిని పట్టి తినుటకు పక్షులు ఎందుకు పోటీపడవు?

ఇందుకు సమాధానము జనుము మొక్కలోనే యున్నది. జనుము జాతి మొక్కలలో పిర్రోలిజిడీన్ అను చేదువిషములు గలవు. గొంగళి ఆకును గింజను తినునప్పుడు ఆ విషమును తన దేహములో నిలువచేసికొనును. రెక్కల పురుగైన పిదపను అది పోదు. రంగులు శత్రువులకు చాటింపు వంటివి: 'నేను చేదు, నన్ను ముట్టవద్దు' అని తెలుపును. ఒకసారి రుచి చూచిన పక్షి ఆ రంగులను జ్ఞాపకముంచుకొని మరల ముట్టదు.

అమెరికాలోని చుట్టపు జాతినిగూర్చి కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన థామసు ఐస్నరు, జెరాల్డు మైన్‌వాల్డు అను శాస్త్రజ్ఞులును వారి సహచరులును అనేక సంవత్సరములు పరిశోధించిరి. వారు కనుగొన్న విషయములు ఆశ్చర్యకరములు. ఆ పురుగు సాలెగూటిలో చిక్కుకొనినచో, సాలెపురుగు దగ్గఱకు వచ్చి ముట్టి చూచి, తినక, చుట్టునున్న దారములను తానే తెంచి దానిని విడిచిపెట్టును. విషములేని ఆహారమిచ్చి పెంచిన పురుగులను మాత్రము సాలెపురుగు తినివేసెను. మగపురుగు ఆడుదానితో కలిసినప్పుడు తనలోని విషములో కొంత దానికిచ్చును. తల్లి దానిని గ్రుడ్లలో చేర్చును. ఆ విధముగ గ్రుడ్లకును రక్షణ కలుగును.

ఈ పరిశోధనలలో రైతులు గమనింపవలసిన ముఖ్యాంశమొకటి కలదు. ఆ జాతి మొక్కలలో విషము ఆకులకన్న గింజలలో హెచ్చు. అందువలననే గొంగళి ఆకులను విడిచి, శ్రమపడి కాయను తొలిచి గింజను చేరును. ఆకలికి ఆకు చాలును గాని, దేహరక్షణకు గింజ కావలెను. మన చేనిలో ఆకులెన్ని యున్నను పురుగు కాయనే యెందుకు వెదకుచున్నదో దీనినిబట్టి బోధపడును.

పశువుల విషయమున ఒక హెచ్చరిక

పురుగునకు కవచమైన ఈ విషము పశువునకు హాని. ఇరువదవ శతాబ్దపు ప్రథమభాగమున అమెరికాలోని ఫ్లోరిడా ప్రాంతమునకు మన ఆసియాఖండమునుండి ఒక గిలకచెట్టు జాతిని పచ్చిరొట్టకై కొనిపోయి చల్లిరి. నేల బాగుపడినది గాని, ఆ మొక్కను, గింజలను తిన్న పశువులును కోళ్లును చనిపోవుట జరిగినది. ఇప్పుడది అక్కడ కలుపుమొక్క. మన జనుములో విషము ఆ జాతిలో నున్నంత హెచ్చు కాదు. లేతజనుమును ఎండుగడ్డితో కలిపి పశువులకు వేయుట మన డెల్టాలలో వాడుకయే. ఐనను మేతకై వేసిన జనుమును పూతకు ముందుగానో పూత మొదటి దినములలోనో కోసివేయవలెను. జనుమునే ఏకమేతగా పెట్టరాదు. కాయ ముదిరిన కట్టెను, నూర్పిడిలో మిగిలిన తాలుగింజలను దాణాలో కలుపరాదు. పురుగు తినగా మిగిలిన పుచ్చుగింజలు దేనికిని పనికిరావు గదా యని పశువుల తొట్టిలో వేయుట మిక్కిలి తప్పు. వానిని ఎఱువుగుంటలో పూడ్చవలెను.

నష్టమెప్పుడు, నష్టము కానిదెప్పుడు

ఒకే పురుగు ఒక రైతునకు నష్టము, మఱియొక రైతునకు కాదు. పచ్చిరొట్టకై వేసిన జనుమును 45 మొదలు 60 దినముల నడుమ, పూత మొదలగు సమయమున, కలియదున్నుదుము. అప్పటికి కాయ యుండదు. గొంగళులు ఆకులలో కొంత తిన్నను, అవి తిన్నదియు, విసర్జించినదియు ఆ నేలలోనే పడును. మంచి పైరు ఎకరమునకు నాలుగైదు టన్నుల పచ్చిరొట్ట నిచ్చును. అందులో కొన్ని ఆకులకు రంధ్రములు పడినవని మందులకు రూకలు వ్యయము చేయుట దండుగ. మొక్క మోకాలెత్తు రాకముందే ఆకులన్నియు పోవుచున్నచో మాత్రము ఏరివేయవలెను.

విత్తనమునకై నిలిపిన చేను సంగతి వేఱు. అది నాలుగైదు నెలలు భూమిపై నుండును. పురుగునకు రెండు మూడు తరములు గడచుటకు ఆ కాలము చాలును. కాయలు పట్టునప్పటికి పురుగుల సంఖ్య హెచ్చియుండును. ఒక్కొక్క కాయలో సాధారణముగ 6 మొదలు 12 గింజలుండును. ఒక కాయను ముగించి గొంగళి మఱియొక కాయకు పోవును.

నష్టమును కంటితో ఊహించుటకన్న లెక్కించుట మేలు. చేనిలో ఐదు చోట్ల నిలిచి, ఒక్కొక్కచోట వరుసగా 20 కాయలను పరీక్షించి, రంధ్రము గలవానిని లెక్కింపుడు. మొత్తము 100 కాయలలో 10 కాయలకు రంధ్రములున్నవనుకొందము. ఎకరమునకు 200 కిలోల విత్తనము రావలసిన చేనైనచో సుమారు 20 కిలోలు పోయినట్లు. పచ్చిరొట్టకు ఎకరమునకు మనము చల్లునది 15 మొదలు 20 కిలోలు. అనగా, పదింట ఒక కాయ పోయినచో, విత్తనపుచేను ఎకరమొక్కింటికి ఒక ఎకరపు పచ్చిరొట్ట విత్తనము పురుగుపాలైనది. పోయినది పది కాయలే గదా యని యూరకుండువారు ఈ లెక్కను ఆలోచింపవలెను.

కాయలకు చేటుచేయునది ఈ గొంగళి యొక్కటియే కాదని కూడ తెలియవలెను. వెండ్రుకలు లేని, చదునైన ఆకుపచ్చని చిన్నపురుగు కాయలో కనబడినచో అది నీలిరంగు చిన్న సీతాకోకచిలుక బిడ్డ కావచ్చును. కాయను చీల్చి చూచి, ఏ పురుగో నిర్ణయించుకొన్న పిదపనే పనికి పూనుకొనవలెను.

నివారణమార్గములు

మొదటిది, గట్ల శుభ్రత. విత్తనపుచేను చుట్టునున్న గిలకచెట్లను నాగదంతిని పూతకు ముందే పెఱికివేయవలెను.

రెండవది, స్థలనిర్ణయము. పచ్చిరొట్ట జనుము ప్రక్కనే విత్తనపు జనుమును వేయరాదు. పచ్చిరొట్టను కలియదున్నినప్పుడు చావక మిగిలిన గొంగళులు ప్రక్కచేనిలోనికి నడచును. గత్యంతరము లేనిచో, దున్నునాడు రెండు చేల నడుమ చిన్న కాలువ తీసి నీరు పెట్టుట మంచిది.

మూడవది, చేతితో ఏరుట. ఇది పాతపద్ధతియే గాని, ఈ పురుగు విషయమున మిక్కిలి పనికివచ్చునది. ఏలయనగా, రంగువలన గొంగళి దూరమునుండియే కనబడును. పక్షులను భయపెట్టు రంగే మనకు దానిని పట్టియిచ్చును. ఉదయమున మంచు ఆఱకముందు మొక్కను వంచి, వెడల్పు పాత్రలో నీరుపోసి కొంచెము కిరసనాయిలు కలిపి, అందులోనికి దులుపవలెను. వెండ్రుకలు చర్మమునకు తగులకుండ చేతికి గుడ్డ చుట్టుకొనవలెను. గ్రుడ్లు పెట్టిన ఆకులను, జల్లెడవలె నైన లేత ఆకులను కోసి అదే పాత్రలో వేయవలెను. పూత మొదలైనది మొదలు వారమునకొకమారు చొప్పున నాలుగైదు మార్లు చేసినచో కాయ చాలవఱకు దక్కును. పక్షులు ఈ పనిని మనకై చేయునని ఎదురుచూచుట వ్యర్థమని పైన చెప్పిన విషయమువలన తెలియుచున్నది.

నాలుగవది, వేపగింజల కషాయము. 5 కిలోల వేపగింజల పప్పును పొడిచేసి, నీటిలో రాత్రియంతయు నానబెట్టి, గుడ్డతో వడియగట్టి, మొత్తము 100 లీటర్లగునట్లు నీరు చేర్చి, కొంచెము సబ్బునీరు కలిపి, సాయంకాలమున చల్లవలెను. గొంగళులు చిన్నవిగా నుండి ఆకుమీద నున్నప్పుడే ఇది పనిచేయును. కాయలో తల దూర్చిన పిదప ఏ మందును దానికి సరిగా తగులదు.

ఐదవది, చేయకూడని పని. పూతలో నున్న జనుముపై తీవ్రమైన పురుగుమందులను చల్లరాదు. జనుపపువ్వు తనంతట తాను సులభముగ కాయ పట్టదు. నల్లని పెద్ద తుమ్మెదలును, ఆకులను గుండ్రముగ కత్తిరించి గూటికి కొనిపోవు ఒకజాతి ఈగలును ఒక మొక్క పుప్పొడిని మఱియొక మొక్కకు చేర్చినప్పుడే కాయలు నిండుగ పట్టును. పువ్వుమీద వ్రాలిన తుమ్మెద తన బరువుచే పువ్వు అడుగు రేకను క్రిందికి నొక్కును. అప్పుడు లోపలి పుప్పొడి వెలికివచ్చి దాని పొట్టకంటుకొనును. మందుచే తుమ్మెదలు చచ్చినచో, పురుగు లేకున్నను కాయ లేని చేను మిగులును. గొంగళి పదింట ఒక కాయను తినునేమోయని వెఱచి, కాయలన్నిటిని కలిగించు ఉపకారిని చంపుకొనుట వివేకము కాదు. తుమ్మెదలు గూళ్లు చేసికొను ఎండుకొయ్యలను, వెదురుబొంగులను చేని చెంత ఉండనిచ్చుట మంచిది.

ఆఱవది, కోత పిదప దున్నుట. కట్టె తీసిన వెంటనే చేనిలో రాలిన ఆకులను ఒక చోటికి ఊడ్చి ఎఱువుగుంటలో వేసి, పైపైన ఒక సాలు దున్నినచో మట్టిలోని కోశములు బయటపడి ఎండకు చచ్చును.

సంఘము చేయదగిన పని

ఈ పనులలో కొన్ని ఒక రైతు ఒంటిగా చేసిన ఫలింపవు. రెక్కలుగల పురుగు గట్టు దాటి ఎగురును. నేను నా చేనిలో నేడు ఏరితిని; ప్రక్కవారు ఏరలేదు; వారమునకు నా చేనిలో మరల గ్రుడ్లు పడినవి. ఇట్టి యనుభవము మనలో పలువురకు కలదు. కావున విత్తనపు జనుమును ఎవరి ఇష్టము వచ్చిన చోట వారు చెక్కలుగా వేయుటకన్న, గ్రామములో ముగ్గురు నలుగురు సభ్యులు ప్రక్కప్రక్కనున్న భూములలో ఒకే వారమున విత్తి, సంఘమునకు విత్తనమిచ్చుటకు ఒప్పుకొనుట మంచిది. అప్పుడు ఏరుట ఒకే దినమున జరుగును. కావలియు, కూలియు తగ్గును.

సంఘము ఇద్దఱు సభ్యులను నియమించి, పూతనుండి కోత వఱకు వారమునకొకమారు విత్తనపుచేలను చూడనియ్యవలెను. వారు పైన చెప్పిన ప్రకారము 100 కాయలను పరీక్షించి, రంధ్రములు గలవి ఎన్నియో పుస్తకములో వ్రాయవలెను. రెండుమూడేండ్ల లెక్కలు చేరినప్పుడు, మన గ్రామములో ఏ విత్తుపదను చేలకు పురుగు తక్కువో మనకే తెలియును. ఆ యెఱుక ఏ పుస్తకములోను దొరకదు.

విత్తనము సంఘమునకు వచ్చినప్పుడు కూడ పరీక్ష కావలెను. దోసెడు గింజలను నీటిలో పోసినచో పుచ్చువి, తాలువి తేలును. మునిగినవానిలో 100 గింజలను తడిగుడ్డలో చుట్టి యుంచి, ఐదవ దినమున మొలకెత్తినవానిని లెక్కింపవలెను. మొలక తక్కువైన విత్తనమునకును, నిండువిత్తనమునకును ఒకే ధర యిచ్చినచో, చేనిలో కష్టపడి పురుగునేరిన సభ్యునకు అన్యాయము జరుగును. రెండవయేడు అతడును ఏరడు. నాణ్యమునుబట్టి ధర నిర్ణయించు అధికారము సర్వసభ్యసమావేశము చేతిలోనే యున్నది. దానిని వినియోగించుకొనుట మన వంతు.

పాఠసారాంశము

తెల్లని రెక్కలపై ఎఱుపు, నలుపు చుక్కలుగల పురుగు జనుపగొంగళికి తల్లి. దాని రంగు చేదువిషమునకు గుర్తు. కనుక పక్షులవలన అది తఱుగదు. పచ్చిరొట్టచేనిలో దానికై ధనవ్యయము వలదు. సకాలమున కలియదున్నిన చాలును. విత్తనపుచేనిలో పూత మొదలు వారమువారము ఏరవలెను. పూతలో తీవ్రమైన మందు చల్లరాదు. పుచ్చుగింజలను, ముదురుకాయలను పశువులకు పెట్టరాదు. విత్తనపుచేలను ఒక చోట చేర్చి కలిసి కాపాడవలెను.

విత్తనమునకై జనుము నిలిపిన సభ్యులు వచ్చు సమావేశమునకు తమ చేనినుండి, ఏరకుండ వరుసగా కోసిన 20 కాయలను గుడ్డలో మూటగట్టి తెచ్చినచో, అందఱి యెదుటను చీల్చి లెక్కించి, ఎవరి చేనిలో ఎంత నష్టమున్నదో, ఎవరేమి చేసిరో ముచ్చటించుకొందము. కాయలు మంచివైనను, పుచ్చువైనను తెచ్చుటకు సంకోచింపవలదు. మంచికాయలవలె పుచ్చుకాయలనుండియు మనము నేర్చుకొనవలసినది కలదు.